ఆల్టో సాక్సోఫోన్‌కి ఏ మౌత్‌పీస్? మీరు వాయించేదాన్ని బట్టి

నమస్తే అండి. సికింద్రాబాద్ నుంచి మాట్లాడుతున్నా. టేబుల్ మీద మూడు ఆల్టో మౌత్‌పీస్‌లు, అంటే సాక్స్‌కి తగిలించి నోట్లో పెట్టుకుని ఊదే ముక్కలు, పెట్టాను: యమహా 4సీ, మేయర్ 6, పేరు లేని ఒక మెటల్‌ది. సాక్స్ ఒకటే, పాట ఒకటే. ముందు యమహా వినండి.

శుభ్రంగా పలికింది కదా! నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే నమ్మకమైనది నాకు కనిపించలేదు. ఇప్పుడు మేయర్. 'రి' దగ్గర నుంచి 'గ'కి జారడం విన్నారా? ఆ జారుడు యమహాలో ఇంత తేలిగ్గా రాలేదు.

తేడా ఎక్కడుందంటే, రీడ్ (మౌత్‌పీస్‌కి బిగించే, ఊదితే అదిరే పల్చటి బద్ద) కొసకీ మౌత్‌పీస్ కొసకీ మధ్య సందులో. దీన్నే టిప్ ఓపెనింగ్ అంటాం. మేయర్‌ది దాదాపు 1.9 మిల్లీమీటర్లు, యమహాది అంతకంటే కొద్దిగా తక్కువ. అంత చిన్న తేడాకే స్వరం పెదవి మాట వినడం మొదలుపెడుతుంది. ఆల్టో మీద కర్ణాటక సంగీతం పలికించిన కద్రి గోపాల్‌నాథ్ గారిని విన్నవాళ్లకి గమకం ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. కానీ సందు పెరిగితే ఊపిరి ఎక్కువ కావాలి, రీడ్ మెత్తటిది కావాలి. మేయర్‌కి నేను రెండున్నర నంబర్ రీడ్ వాడతాను; నంబర్ పెరిగేకొద్దీ రీడ్ గట్టిగా ఉంటుంది.

ఇది తెలియకే నేను దెబ్బతిన్నాను. "సౌండ్ బాగా వస్తుంది" అని ఒక షాపులో చెబితే ఈ మెటల్‌ది కొన్నాను. దీని సందు పెద్దదని చూసుకోకుండా పాత మూడో నంబర్ రీడే బిగించి బారాత్‌కి వెళ్లాను. రెండు పాటలకే దవడ పట్టేసింది, పై స్వరాలన్నీ కీచుమన్నాయి. రీడ్ మార్చాక దారికొచ్చింది.

దగ్గరగా చూపిస్తాను, ఫోన్ టార్చ్ వెలుతురులో చూడండి. కొస దాటగానే లోపలి కప్పు ఇలా ఎత్తుగా ఉంది. దీన్ని బాఫిల్ అంటారు. దారి ఇరుకై గాలి వేగం పెరిగి ధ్వని పదునెక్కుతుంది. డప్పుల మధ్య, రోడ్డు మీద అదే కావాలి. మేయర్‌లో కప్పు ఇంత ఎత్తుగా లేదు, అందుకే గొంతు నిండుగా ఉంటుంది. మెటలా, ఎబొనైటా (గట్టి రబ్బరు) అన్నదాని కంటే ఈ లోపలి ఆకారమే ముఖ్యమని నా నమ్మకం.

కొనేటప్పుడు మీ రీడే పట్టుకెళ్లండి. అన్నిటికంటే కింది స్వరం మెల్లగా ఊదండి. గట్టిగా ఊదితేనే పలుకుతోందంటే అక్కడే పెట్టేయండి. కొస అంచు మీద గోరు తిప్పి చూడండి, చిన్న గంటు తగిలినా వద్దు.

ఈ సాయంత్రం ఫంక్షన్ హాల్లో వాయించాలి, మైక్ ఉంటుంది. కాబట్టి మేయరే పట్టుకెళ్తున్నా.