ఝ పక్కన చేప

శ్రోతలకు నమస్కారం.

ఒకటో తరగతి గదిలో అక్షరాల చార్టు ఎక్కడ ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? చాలా బడుల్లో నల్లబల్లకు పైన, పెద్దవాళ్ళకు కూడా అందని ఎత్తున ఉంటుంది. కింద చాప మీద కూర్చున్న ఆరేళ్ళ బిడ్డకు అవి రంగురంగుల గళ్ళు, అంతే. ఈరోజు ఆ చార్టు గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

నేను ఒకటో తరగతికి పాఠం చెబుతున్న రోజుల్లో ఒకసారి ఝ మీద కర్ర పెట్టి, "ఇదేమిటమ్మా?" అని ఒక పాపను అడిగాను. తడుముకోకుండా "చ" అంది. "సరిగ్గా చూడు" అన్నాను. మళ్ళీ "చ" అంది, ఈసారి కాస్త గట్టిగా, నాకు వినపడలేదేమో అన్నట్టు. దగ్గరికి పిలిచి, ఎందుకలా అన్నావని అడిగాను. అక్షరం పక్కనున్న బొమ్మ చూపించింది. "చేప కదా టీచర్!"

నిజమే, చేపే. ఝషం అంటే చేప. కానీ ఆ మాట పాప ఇంట్లో ఎవరూ అనరు, సంతలోనూ ఎవరూ అనరు. పాప బొమ్మ చూసింది, పేరు తలచుకుంది, అందులో మొదటి పలుకు పట్టుకుంది. అక్షరాలు నేర్చుకునే బిడ్డ చేయవలసిన పని సరిగ్గా అదే. తప్పు పాపది కాదు, చార్టుది. ఘటం బొమ్మ చూసి "కుండ, క" అనే పిల్లలూ అంతే. ణతో మొదలయ్యే వాడుక మాట లేదు కనుక వీణ బొమ్మ వేస్తారు. పిల్లలు "వీ" అంటారు. తెలుగులో అక్షరం పేరే దాని పలుకు. ఇంత సులువైన దారికి బొమ్మ అడ్డం రావడం నాకు బాధగా అనిపించింది.

ఆ సాయంత్రమే చార్టు కిందికి దించాను. పాత నోటుపుస్తకం అట్టను ముక్కలుగా కత్తిరించి, పైఅంచు మాత్రం అంటించి, ఒక్కో బొమ్మకు ఒక్కో మూత పెట్టాను. ముందు అక్షరం, తరవాత బొమ్మ. అక్షరం చూడాలి, పైకి పలకాలి, వేలితో దిద్దాలి. అప్పుడే మూత ఎత్తాలి. మూత ఎత్తాలన్న ఆశతో పిల్లలు వరుసలో నిలబడేవారు. ముందు అక్షరం, తరవాత బొమ్మ.

వేలితో దిద్దడం కొత్త పద్ధతేమీ కాదు. ఇసుకలో ఓనమాలు దిద్దిన పెద్దలకు అది తెలుసు. వ, మ పక్కపక్కనే ఉంటే కంటికి ఒకేలా కనిపిస్తాయి. దిద్దే వేలికి మాత్రం తేడా తెలుస్తుంది. క, గ, చలకు తలకట్టు ఉంది. ఖ, జ, బ, లలకు లేదు. జ మీద కూడా తలకట్టు పెట్టే పిల్లలను ఎంతమందిని చూశానో! అందుకే ప్రతి అక్షరం మీదా రాత ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఎర్ర సిరాతో ఒక చుక్క పెట్టాను.

మీ ఇంట్లో చార్టు ఉంటే ఈ ఒక్క పని చేయండి. బిడ్డను గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి పైకి చాచమనండి. వేళ్ళు ఎక్కడిదాకా అందితే అక్కడ పెన్సిలుతో గీత గీయండి. చార్టు పైఅంచు ఆ గీత దాటకుండా అంటించండి.