శుభలేఖ మీద వాలు అక్షరాలు

హోస్ట్: అందరికీ నమస్కారం, ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాం. ఈరోజు మనతో ఉన్న అక్క ఇక్కడే డీటీపీ సెంటర్ నడుపుతూ శుభలేఖలు డిజైన్ చేస్తారు. అక్కా, మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఆ వాలుగా, తోకలతో ఉండే ఇంగ్లిష్ అక్షరాలేగా?

డిజైనర్: అవునమ్మా, పేర్లు ఆ స్టైల్లోనే కావాలంటారు. డెకరేటివ్ ఇటాలిక్ అంటాం దాన్ని. మామూలు సెరిఫ్ అక్షరంలో గీత చివర చిన్న పాదం ఉంటుంది కదా, ఇటాలిక్‌లో ఆ పాదం కలం దిగి లేచినట్టు వంపు తిరుగుతుంది. లావు గీత బాగా లావు, సన్న గీత వెంట్రుకంత సన్నం. అందమంతా ఆ తేడాలోనే ఉంది.

హోస్ట్: మామూలు అక్షరాన్ని పక్కకి వాలిస్తే ఇటాలిక్ అయిపోదా?

డిజైనర్: అవదు. అసలైన ఇటాలిక్‌లో అక్షరం ఆకారమే మారుతుంది. స్మాల్ 'ఎ'కి పైన ఉండే వంపు పోయి ఒక్క గుండ్రమే మిగులుతుంది. చాలా ఫాంట్లలో 'ఎఫ్' గీత కిందికి దిగుతుంది. ఇది చేతిరాతలోంచి పుట్టిన అక్షరం మరి. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త 1501లో ప్రాచీన రోమన్ కవి వర్జిల్ కావ్యాలను చేతిలో పట్టే చిన్న సైజులో వేశాడు. ఫ్రాంచెస్కో గ్రిఫో ఆనాటి పండితుల రాతను చూసి దానికి అచ్చులు చెక్కాడు. పుస్తకమంతా ఇటాలిక్కే, కానీ క్యాపిటల్ లెటర్లు మాత్రం నిటారుగా ఉంటాయి. వాలిన క్యాపిటల్స్, వాటికి స్వాష్ అనే తోకలు ఆ తర్వాత వచ్చాయి.

హోస్ట్: అప్పట్లో పుస్తకమంతా వేసిన అక్షరాన్ని ఇప్పుడు పేర్లకే ఎందుకు వాడుతున్నాం?

డిజైనర్: అది చదవడానికి చేసిన ఇటాలిక్. మనం అడిగేది అలంకారానికి చేసింది, దానికి చోటు కావాలి. వధూవరుల పేర్లు, మధ్యలో 'వెడ్స్', అంతవరకే వేస్తాను. మన పేర్లతో ఇంకో చిక్కుంది. ఇంటిపేరు ఇనిషియల్స్ ముందుంటాయి కదా, 'కె.వి.' అని రెండు క్యాపిటల్స్ పక్కపక్కన పడితే ఒకదాని తోక ఇంకోదానిలోకి దూరుతుంది. అందుకని ఇనిషియల్స్‌కి తోకల్లేని అక్షరం పెట్టి, పేరు మొదటి అక్షరానికి ఒక్కదానికే స్వాష్ ఇస్తాను. 'వెంకటేశ్వర్లు' లాంటి పొడుగు పేరైతే చివరి తోక కూడా తీసేస్తాను. పేరు మొత్తం క్యాపిటల్స్‌లో కావాలంటే మాత్రం ఒప్పుకోను. పెళ్లికొడుకు పేరు వాళ్ల మేనమామే చదవలేకపోతే ఆ కార్డు ఎందుకు?

హోస్ట్: మరి ముహూర్తం?

డిజైనర్: ముహూర్తం, ఫోన్ నంబరు ఎప్పుడూ నిటారు అంకెల్లోనే. కొన్ని అలంకార ఫాంట్లలో ఒకటి అంకె 'ఐ' అక్షరంలా ఉంటుంది. తెల్లవారుజామున 4.11 అని వేస్తే చదివేవాళ్లకు టెన్షన్.

హోస్ట్: తెలుగు వైపు కూడా అలాగే వాల్చమని అడగరా?

డిజైనర్: అడుగుతారు. నాకు మనసు కష్టపడేది అక్కడే. మన అచ్చులో ఇటాలిక్ సంప్రదాయం లేదు. కంప్యూటర్‌లో ఇటాలిక్ బటన్ నొక్కితే అది అక్షరాన్ని కొత్తగా గీయదు, ఉన్నదాన్నే పక్కకి తోస్తుంది. పైనున్న తలకట్టు, గుడి కుడికి జరుగుతాయి, కింద ఒత్తు ఎడమకి పోతుంది. గుండ్రాలు కోలగా సాగుతాయి. 'లక్ష్మి' అని టైప్ చేసి వాల్చి చూడు, కింది ఒత్తు 'క' కింద నుంచి పక్కకి తప్పుకుంటుంది. మన తలకట్టులోనే ఎంత చక్కని వాలు ఉందో! దాన్ని ఇంకా వాల్చడం దేనికి? నేను తెలుగును నిటారుగా ఉంచి, ఇంగ్లిష్ లావు గీతకి తూగే తెలుగు ఫాంట్ వెతుకుతాను. సిలికానాంధ్ర అనే సంస్థ విడుదల చేసిన తిమ్మన, ధూర్జటి, పెద్దన లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్ సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి. ఇంగ్లిష్‌కి ప్లేఫెయిర్ డిస్‌ప్లే ఇటాలిక్ కూడా అక్కడే దొరుకుతుంది. పేరులోనే డిస్‌ప్లే అని ఉంది, పెద్ద సైజుకి చేసింది.

హోస్ట్: ప్రింట్‌లో ఇబ్బందులు?

డిజైనర్: గోల్డ్ ఫాయిల్ దగ్గర వస్తాయి. సన్న గీత మీద ఫాయిల్ సరిగ్గా అంటక అక్కడక్కడా తెగుతుంది. అందుకే స్క్రీన్ మీద చూసి ఓకే చెప్పనివ్వను. అసలు సైజులో కాగితం మీద ప్రూఫ్ తీసి, ఇంట్లో పెద్దవాళ్లకి చూపించి రమ్మంటాను.

హోస్ట్: మన చీమకుర్తి గ్రానైట్ మీద ఇంటిపేరు చెక్కించేవాళ్లు కూడా ఇవే అక్షరాలు అడుగుతున్నారు కదా?

డిజైనర్: అడుగుతారు, బ్లాక్ గెలాక్సీ అయితే ఇంకా జాగ్రత్త. ఆ నల్లరాతిలో బంగారు చుక్కలు ఉంటాయి. సన్న గీతకి బంగారు రంగు నింపితే గీతేదో చుక్కేదో తెలియదు. అక్కడ సన్న గీతలు కాస్త లావుగా ఉన్న ఇటాలిక్ తీసుకుని, తెల్ల రంగు నింపమంటాను. గేటు దగ్గర నిలబడి చూస్తే పేరు కనపడాలిగా.

హోస్ట్: మా ఇంటి గేటుకి రాయి చెప్పాం అక్కా, ఇంకా చెక్కలేదు.

డిజైనర్: అయితే ఫాంట్ ఫైల్ పట్టుకుని రేపు షాపుకి రా, చూద్దాం.