ఫైరింజను వచ్చేలోపు

శ్రోతలకు నమస్కారం.

101కి ఫోన్ చేశాక ఫైరింజను ఊళ్లోకి వచ్చేదాకా ఏం చెయ్యాలన్నది ఈ పూట మాట్లాడుకుందాం. స్టేషనుకి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరాన ఉన్న పల్లెకి బండి రావాలంటే అరగంట పైమాటే. తాటాకు పాక కాలిపోవడానికి అంతసేపు పట్టదు. అందుకే కొన్ని ఊళ్లలో పది పన్నెండు మంది కలిసి ఒక దళంగా ఏర్పడతారు. పెట్టుకోవడం సులువే. ఏడాది గడిచాక కూడా అది పనికొచ్చేలా ఉంచుకోవడంలోనే ఉంది తిప్పలంతా.

ముందు మనుషులు. దళం అనగానే వయసు కుర్రాళ్ల పేర్లు రాసేస్తారు. మధ్యాహ్నం రెండు గంటలకు వాళ్లు ఊళ్లో ఉంటారా? కాలేజీకో, పట్నంలో పనికో, మిరప కోతకో పోయి ఉంటారు. ఎండా గాలీ కలిసి నిప్పు చెలరేగేది ఆ వేళకే. కాబట్టి సగం మందైనా పగలు ఊరు కదలనివాళ్లు కావాలి: కిరాణా కొట్టాయన, డ్వాక్రా ఆడవాళ్లు, టైలరు, ఆటో అబ్బాయి. వీళ్లలో ఒకరు పెద్దగా ఉండాలి, ఆ ఒక్కరు మాత్రం పైపు ముట్టుకోకూడదు. గాలి ఎటు మళ్లింది, కప్పు ఎప్పుడు కూలేలా ఉంది, లోపలికి వెళ్లినవాళ్లు బయటికొచ్చారా అని దూరంగా నిలబడి చూసేవాళ్లు ఒకరు ఉండి తీరాలి. ఇంకొకరి పని ఫోను. ఊరు, మండలం, ఏం కాలుతోంది, ఏ దారిన రావాలి అన్నవి చెప్పి, మెయిన్ రోడ్డు మలుపు దగ్గర నిలబడి బండికి దారి చూపాలి.

అందరూ నూలు బట్టలే వేసుకోవాలి. పాలిస్టర్ చొక్కా కరిగి ఒంటికి అతుక్కుపోతుంది.

ఇక పంపు. రెండంగుళాల పంపూ, పంచాయతీ ట్రాక్టరు ట్యాంకరూ ఉంటే దళానికి చాలు. లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. నిమిషానికి 500 లీటర్లు తోడే పంపు 5,000 లీటర్ల ట్యాంకరుని పది నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. రెండో ట్యాంకరు ఎక్కడ నింపాలి, కరెంటు లేకపోతే ఏ చెరువు నుంచి తోడాలి అన్నది ముందే తేల్చుకుని ఉంచుకోవాలి. నీటిమట్టం పంపుకి ఇరవై, ఇరవై అయిదు అడుగుల కంటే కిందుంటే పంపు లాగదు, ఎంత పెద్ద ఇంజను పెట్టినా అంతే.

అసలు సమయానికి పంపు మొరాయించడానికి కారణాలు చాలావరకు చిన్నవే. నీళ్లలో ఉండే పైపు చివర బిగించే ఫుట్‌వాల్వు రేకు కింద గడ్డిపరకో, నాచో ఇరుక్కుంటే, పంపు వెయ్యకముందు పైపు నింపడానికి పోసిన నీళ్లు కిందికి జారిపోతాయి, అంటే ప్రైమింగు నిలవదు. ఫుట్‌వాల్వుకి తట్ట ఒకటి చుట్టి కట్టాలి, బురదకి ఆననివ్వకూడదు, నీళ్లలో రెండడుగుల లోతునైనా ఉంచాలి. పైకి తేలితే సుడి తిరిగి గాలి పీలుస్తుంది. సక్షనుకి, అంటే నీళ్లు లాగే వైపుకి, గట్టి రింగుల పైపే కావాలి. పొలంలో పరిచే ఫ్లాట్ పైపు తగిలిస్తే లాగినప్పుడు చదునుగా అంటుకుపోతుంది. జాయింట్లలో రబ్బరు వాషరు ఎండి పగిలితే అక్కడా గాలే. నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోలు జిగురై కార్బురేటరుని మూసేస్తుంది. ఆదివారం పొద్దున్న పది నిమిషాలు నీళ్లు తోడిస్తే ఇవన్నీ ముందే బయటపడతాయి. తడి పైపుని అలాగే మడిచిపెడితే మడతల దగ్గర కుళ్లుతుంది. ఆరబెట్టి, ప్రతిసారీ మడత చోటు మార్చండి.

గడ్డివాము అంటుకుంటే ముందు దాని మీద నీళ్లు పోస్తారు. వానకు తడవకూడదనే కదా వాము వేసేది, పోసిన నీళ్లూ అలాగే జారిపోతాయి. మొదట గాలి వాలున ఉన్న పక్క వామునీ, పాక కప్పునీ తడపండి, తడి గోనెసంచులు పరవండి. తర్వాత పొడుగాటి వెదురుకి కట్టిన కొక్కేలతో వాముని పొరలు పొరలుగా లాగి, ఒక్కో పొరా తడుపుకుంటూ పోవాలి. బకెట్టులో కాస్త సబ్బుపొడి కలిపితే నీళ్లు లోపలికి బాగా ఇంకుతాయి. వాము ఎక్కొద్దు, లోపల కాలి డొల్లై ఉంటుంది. మర్నాడు కూడా ఓసారి కెలికి చూడాలి.

కరెంటు తీసేశామని లైన్‌మాన్ చెప్పేదాకా తీగలున్న చోట నీళ్లు చిమ్మకూడదు. గ్యాసు వాసనొస్తే రెగ్యులేటరు కట్టేసి తలుపులు తెరవండి, స్విచ్చి వెయ్యొద్దు, ఆర్పొద్దు. ఆ గ్యాసు గాలికంటే బరువు, నేల మీదే పాకుతుంది.

నిప్పుతో పాటు దళం చూసుకోవాల్సింది ఇంకోటుంది. అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు పోయేది బావుల దగ్గరా, సెప్టిక్ ట్యాంకుల దగ్గరా చూపించే ధైర్యం వల్ల అనిపిస్తుంది. లోపలి విషవాయువుకి ఒకడు పడిపోతాడు, తీద్దామని అన్న దిగుతాడు, ఆ వెంటే ఇంకొకడు. నీళ్లు అందక డీజిల్ ఇంజన్ని బావి లోపలికి దించితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. లాంతరు దించి చూడటం పాత అలవాటు. దీపం ఆరితే దిగకూడదు, నిజమే. కానీ వెలుగుతోంది కదా అని దిగకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ ఉందా, ఆ దీపమే పేలుస్తుంది. సెప్టిక్ ట్యాంకులో కుళ్లిన గుడ్డు వాసన ఉన్నట్టుండి తెలియకుండా పోతే గాలి బాగుపడిందనుకోవద్దు, విషం ఎక్కువై ముక్కు మొద్దుబారి ఉండొచ్చు. మొహానికి తడి తువ్వాలు కట్టుకున్నా ఫలితం సున్నా.

మరేం చెయ్యాలి? ఎవర్నీ దిగనివ్వకండి. శ్వాస పరికరం ఉన్న ఫైరు సిబ్బంది కావాలని ఫోనులోనే చెప్పండి. కరెంటు ఫ్యానుకి వెడల్పాటి గొట్టం కట్టి, దాన్ని అడుగుదాకా దించి మంచి గాలి తోలండి. మనిషికి స్పృహ ఉంటే మోకు చివర ఉచ్చు వేసి వదిలితే చంకల కింద తగిలించుకుంటాడు. నీళ్లలో ఉంటే ట్రాక్టరు ట్యూబు వెయ్యండి. పైకి తెచ్చాక ఊపిరి లేకపోతే 108కి చెప్పి, ఛాతీ నడిమధ్య రెండు చేతులతో అయిదు సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నేర్చినవాళ్లుంటే ప్రతి 30 నొక్కుళ్లకూ రెండుసార్లు శ్వాస ఇవ్వచ్చు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, లేకపోతే చేతులు అలిసి నొక్కుడు పల్చబడుతుంది.

ఇదంతా చేత్తో చేసి చూపించమని దగ్గరి స్టేషనులో ముందే అడగండి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో సిబ్బందిని ఊరికి పిలవాలంటే మార్చిలోనే వెళ్లి మాట్లాడుకుంటే మంచిది.