హాంకాంగ్‌లో తినాలంటే ముందు టైమ్ చూసుకోండి

నమస్కారం అండీ. హాంకాంగ్ వెళ్ళొచ్చిన మనవాళ్ళని తిండి సంగతి అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. కొందరు "అబ్బో, ఏం తిండి అండీ!" అంటారు. ఇంకొందరు మొహం చిట్లించి "అన్నీ చప్పగా ఉన్నాయి, పైగా సర్వర్లు కసురుకుంటారు" అంటారు. చూస్తే ఇద్దరూ తిరిగింది అవే వీధులు. తేడా అంతా ఏ వేళకి ఏ కొట్లోకి వెళ్ళారన్న దాంట్లోనే ఉంది. ఈ వీడియోలో చెప్పబోయేది అదే.

మనకి చైనీస్ అంటే గోబీ మంచూరియా, షెజ్వాన్ ఫ్రైడ్ రైస్. అక్కడికెళ్ళి అవి వెతక్కండి. అవి మన దేశంలో, మన నాలుక కోసం పుట్టినవి. హాంకాంగ్‌ది కాంటొనీస్ వంట, అంటే చైనా దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు వంట. మసాలాలు బాగా తక్కువ. చేపని ఆవిరి మీద ఉడికించి, అల్లం ముక్కలు, ఉల్లికాడలు పరిచి, పైన సలసల కాగిన నూనె పోసి, కాస్త సోయా సాస్ తగిలిస్తారు. అంతే, అయిపోయింది. చేప తాజాది కాకపోతే దాన్ని కప్పిపుచ్చడానికి కారం లేదు, గరం మసాలా లేదు. అందుకే ఆ హోటళ్ళలో చేపలు గాజు తొట్టెల్లో ఈదుతూ కనిపిస్తాయి. మొదటి రోజు మనకి చప్పగానే అనిపిస్తుంది, అది సహజం. వెంటనే చిల్లీ సాస్ కుమ్మరించేయకండి, కాస్త ఆగండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఊళ్ళో మంచి హోటల్ ఏది అని అడగడం కన్నా, ఈ కొట్టు ఏ ఒక్కటి బాగా చేస్తుంది అని అడగాలి. కాంటొనీస్ వంటలో పనులు విడివిడి వృత్తులు. డిమ్‌సమ్, అంటే చిన్న చిన్న బుట్టల్లో వచ్చే ఫలహారాలు, చుట్టే మాస్టర్ వేరు, మాంసం కాల్చే మాస్టర్ వేరు, పెద్ద మంట మీద బాణలి తిప్పే మాస్టర్ వేరు. ఎవరి పని వాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకుంటారు. దానికి తోడు హాంకాంగ్‌లో అద్దెల సంగతి తెలిసిందే. కొట్టు ఇరుకు, వంటగది ఇంకా ఇరుకు. అందుకని నూడుల్స్ కొట్టు నూడుల్సే చేస్తుంది, గంజి కొట్టు గంజే కాస్తుంది. బిర్యానీ హోటల్‌కి వెళ్ళి పెసరట్టు అడగం కదా, అక్కడ కూడా అంతే. మెనూలో చివరి పేజీలో ఉన్న ఫ్రైడ్ రైస్ ఆర్డర్ చేసి, "హాంకాంగ్ ఫుడ్ ఏం బాగోలేదు" అనడం న్యాయం కాదు.

పొద్దున్న సంగతితో మొదలుపెడదాం. పొద్దున్న అంటే యమ్ చా. టీ తాగుతూ డిమ్‌సమ్ తినడం. దీన్ని రాత్రి భోజనానికి దాచుకోకండి. డిమ్‌సమ్ మాస్టర్లు తెల్లవారకముందే పని మొదలుపెడతారు, పాతకాలం టీహౌస్‌లలో మధ్యాహ్నం మూడు దాటితే దాదాపు సర్దేస్తారు. రాత్రి కూడా డిమ్‌సమ్ అమ్మే చోట్లు చాలా ఉన్నాయి, కానీ పొద్దున పదింటికి ముసలివాళ్ళు పేపర్లు చదువుకుంటూ, కుటుంబాలు గోలగోలగా మాట్లాడుకుంటూ ఉండే ఆ హాలు రాత్రి ఉండదు. ఆదివారం మాత్రం క్యూ ఉంటుంది, మామూలు రోజు వెళ్ళండి. చాలాచోట్ల పదకొండు లోపు, రెండు తర్వాత రేట్లు తగ్గిస్తారు కూడా.

కూర్చోగానే "ఏ టీ?" అని అడుగుతారు. పూఆర్ అని నల్లటి, కాస్త మట్టి వాసన వేసే టీ ఉంటుంది, నూనె తిండికి అది బాగా పనిచేస్తుంది. అది పడకపోతే మల్లెపూల టీ చెప్పండి. పాలు, పంచదార అడగొద్దు. టీకి తలకింత అని బిల్లులో వేస్తారు, తాగినా తాగకపోయినా. బల్ల మీద వేరుశెనగలో, పచ్చడి ముక్కలో పెడితే అవి కూడా ఫ్రీ కాదు, వద్దనుకుంటే అప్పుడే వెనక్కి ఇచ్చేయండి. చాలామంది మొదట వచ్చిన వేడి టీతో కప్పులు, గిన్నెలు, చాప్‌స్టిక్స్ కడిగి ఆ నీళ్ళు ఒక పెద్ద గిన్నెలో పారబోస్తారు. మీరూ చేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కూజాలో నీళ్ళు అయిపోతే మూత పక్కకి జరిపి పెట్టండి, వచ్చి నింపుతారు. ఎవరైనా మీకు టీ పోస్తే రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాలి, అదే థాంక్స్. దీనికో కథ చెబుతారు. చియెన్‌లాంగ్ అనే చైనా చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన సేవకుడికే టీ పోశాడట. లేచి సాష్టాంగపడితే గుట్టు రట్టవుతుంది, అందుకని ఆ సేవకుడు వేళ్ళు మడిచి బల్ల మీదే దండం పెట్టాడట. కథ నిజమో కాదో గానీ, అలవాటు మాత్రం ఈరోజుకీ ప్రతి బల్ల దగ్గరా కనిపిస్తుంది.

ఆర్డర్ ఇవ్వడానికి ఎక్కువ చోట్ల ఒక కాగితం ఇస్తారు, కావలసిన వాటికి టిక్ పెట్టడమే. బండి తోసుకుంటూ వచ్చి బుట్టలు అమ్మే పద్ధతి ఇప్పుడు కొద్ది చోట్లే మిగిలింది. సెంట్రల్ అనే పేటలో సిటీ హాల్ పైన మాక్సిమ్స్ ప్యాలెస్‌లో ఆ బండ్లు చూడొచ్చు. వెల్లింగ్టన్ స్ట్రీట్‌లో లిన్ హ్యూంగ్ టీహౌస్ అని పాతది ఒకటుంది. 2022లో మూతపడితే ఊరంతా బాధపడింది, 2024లో మళ్ళీ తెరిచారు.

మొదట హర్ గావ్ చెప్పండి, అంటే రొయ్యల డంప్లింగ్, మన కుడుము లాంటిది. ఆ కొట్టు ఎలాంటిదో దాంతోనే తెలిసిపోతుంది. పైపొర గోధుమ పిండిలోంచి తీసిన గంజి పొడితో చేస్తారు, ఆవిరి మీద ఉడికితే అద్దంలా అవుతుంది, లోపలి రొయ్య గులాబీ రంగులో కనిపిస్తుంది. చాప్‌స్టిక్స్‌తో ఎత్తితే చిరగకూడదు, పళ్ళకి అంటుకోకూడదు. బుట్ట రాగానే తినేయాలి. ఫోటోలు తీస్తూ కూర్చుంటే చల్లారి రబ్బరైపోతుంది. ఈ మాట వీడియోలు తీసుకునే నేను చెప్పడం కాస్త విడ్డూరమే, కానీ నిజం.

మధ్యాహ్నానికి రెండు దారులున్నాయి. ఒకటి, అద్దాల కిటికీలో బాతులు, గూస్ అనే పెద్ద బాతులు, పంది మాంసం వేలాడే కొట్టు. ఎర్రగా తీపిగా ఉండే చార్ సియు అనే కాల్చిన పంది మాంసం, చర్మం కరకరలాడే పంది మాంసం, కాల్చిన పెద్ద బాతు, వీటిలో ఏదో ఒకటి అన్నం మీద వేసి ఇస్తారు. మాస్టర్ వెడల్పాటి కత్తితో మన ముందే టకటకా నరుకుతాడు. కాలు ముక్క కావాలంటే అదనంగా ఇవ్వాలి, ఇచ్చినా నష్టం లేదు. సాయంత్రానికి మంచి ముక్కలు అయిపోతాయి కాబట్టి మధ్యాహ్నమే వెళ్ళాలి.

రెండోది వాంటన్ నూడుల్స్. వాంటన్ అంటే పల్చటి పిండి పొరలో రొయ్యలు చుట్టి ఉడికించిన ఉండ. గిన్నె చూడగానే మనవాళ్ళు "ఇంతేనా?" అంటారు. చిన్న గిన్నె కావాలనే పెడతారు, ఆ సన్నటి నూడుల్స్ వేడి పులుసులో ఎక్కువసేపు ఉంటే మెత్తబడిపోతాయి. అడుగున చెంచా, దాని మీద వాంటన్లు, పైన నూడుల్స్. ఎందుకంటే నూడుల్స్ పులుసులో మునక్కూడదు. పిండిలో క్షారపు నీళ్ళు కలుపుతారు, కొరికితే టక్కున తెగేలా ఉండటం దాని వల్లే. ఆ క్షారం రుచి తగలకుండా బల్ల మీద ఎర్ర వెనిగర్ పెడతారు, రెండు చుక్కలు వేసుకోండి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చా చాన్ తెంగ్, అంటే అక్కడి చిన్న కెఫే. హాంకాంగ్‌ని హాంకాంగ్ చేసిందే ఇది అంటాను నేను. బ్రిటిష్ వాళ్ళ కాలంలో పాశ్చాత్య భోజనం అంటే పెద్ద హోటళ్ళకే పరిమితం, మామూలు మనిషి జేబుకి అందేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ చిన్న కెఫేలు దాన్నే చవగ్గా, తమ పద్ధతిలో చేసి పెట్టాయి. అందుకే అక్కడి మెనూ చూస్తే తిక్కతిక్కగా ఉంటుంది. పులుసులో మాకరోనీ, పైన హామ్ ముక్కలు, అదీ పొద్దున టిఫిన్‌కి! ఇన్‌స్టంట్ నూడుల్స్ మీద టిన్ను మాంసం. గుడ్డులో ముంచి నూనెలో వేయించిన ఫ్రెంచ్ టోస్ట్, మీద వెన్న ముక్క, చక్కెర పాకం. పైనాపిల్ బన్ అని ఒకటుంది, అందులో పైనాపిల్ ఉండదు. పైన పగుళ్ళిచ్చిన తీపి పొర చూసి ఆ పేరు పెట్టారు. వేడి బన్‌లో చల్లటి వెన్న పలక ఒకటి దూర్చి ఇస్తారు. డాక్టర్లు చూడకుండా తినండి.

అక్కడి మిల్క్ టీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సిలోన్ టీ పొడులు రెండు మూడు రకాలు కలిపి, గుడ్డ సంచిలో వేసి, ఎత్తు నుంచి ఒక కూజాలోంచి ఇంకో కూజాలోకి మళ్ళీమళ్ళీ పోస్తారు. ఆ సంచి టీ రంగు పట్టి ఆడవాళ్ళ సిల్క్ మేజోడులా కనిపిస్తుందని సిల్క్ స్టాకింగ్ టీ అనే పేరు వచ్చింది. పాలు మాత్రం టిన్ను పాలు, నీళ్ళు ఇగిరించినవి. చిక్కగా, కాస్త వగరుగా, గొంతులోకి నున్నగా జారుతుంది. ఈ టీ చేసే విద్యని 2017లో హాంకాంగ్ ప్రభుత్వం తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. టీలో కాఫీ కలిపి ఇచ్చే యున్‌యాంగ్ కూడా ఉంటుంది. వినడానికి నేరంలా ఉంటుంది గానీ, ఒకసారి తాగి చూడండి. ఐస్ వేయమంటే రెండు మూడు డాలర్లు ఎక్కువ. డాలర్ అంటే హాంకాంగ్ డాలర్, మన లెక్కలో 11 రూపాయల చుట్టుపక్కల.

సర్వర్లు కసురుకుంటారనే ఫిర్యాదు ఎక్కువగా వచ్చేది ఈ కెఫేల మీదే. లోపలికి వెళ్ళగానే ఎంతమందో వేళ్ళతో చూపించాలి. తెలియనివాళ్ళ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఉంటే అక్కడే కూర్చోబెడతారు. నిమిషంలో ఆర్డర్ చెప్పాలి, అయిదు నిమిషాల్లో ప్లేటు వస్తుంది, తినగానే లేవాలి. హాంకాంగ్‌లోనే జోర్డాన్ అనే పేటలో ఆస్ట్రేలియా డెయిరీ కంపెనీ అని ఒక కెఫే ఉంది, మెత్తటి గుడ్ల పొరటుకి, ఆవిరి మీద చేసిన పాల పుడ్డింగ్‌కి పేరు. ఆ వేగానికి ఇంకా పేరు. నా ఉద్దేశంలో అది అమర్యాద కాదు. అద్దెలకి, ఆ చవక రేట్లకి లెక్క కుదరాలంటే ఒక కుర్చీలో రోజుకి ఎంతోమంది కూర్చుని లేవాలి. తీరిగ్గా కూర్చుందామంటే మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం వరకూ ఉండే టీ సెట్ వేళకి, అంటే టీ, ఫలహారం కలిపి ఇచ్చే వేళకి వెళ్ళండి. రద్దీ తగ్గుతుంది, రేటు తగ్గుతుంది, సర్వర్ మొహంలో టెన్షన్ కూడా తగ్గుతుంది.

రాత్రికి మంట చూడాలి. వీధి పక్కన మడత బల్లలు వేసి, భగభగమండే స్టవ్వుల మీద బాణలి ఎగరేసే దుకాణాల్ని దై పై దాంగ్ అంటారు. ప్రభుత్వం కొత్త లైసెన్సులు ఇవ్వడం దశాబ్దాల క్రితమే ఆపేసింది, ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళైపోతున్నారు. సెంట్రల్‌లో, షామ్ షుయ్ పో అనే పేటలో కొన్ని మిగిలాయి. అవి దొరక్కపోతే కూరగాయల మార్కెట్ భవనాల్లో పై అంతస్తుకి వెళ్ళండి. చాలావాటిని ప్రభుత్వమే అక్కడికి తరలించింది. ఏసీ అంతంత మాత్రం, రుచికి ఢోకా లేదు. చలికాలం వెళ్ళినవాళ్ళు యావ్ మా తే వైపు టెంపుల్ స్ట్రీట్ దగ్గర మట్టి కుండ అన్నం తినాలి. అడుగున మాడిన పొర గీరుకుని తినడంలోనే ఉంది మజా.

ఇప్పుడు శాకాహారుల సంగతి. తీపి మాటలు చెప్పను, కష్టమే. ఆకుకూర ఆర్డర్ చేస్తే పైన ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల సాస్, పోసి తెస్తారు. ముల్లంగి కేక్ అంటే సంబరపడతాం, అందులో ఎండు రొయ్యలు, పంది సాసేజ్ ముక్కలు ఉంటాయి. బన్‌లో పంది కొవ్వు ఉండొచ్చు. "వెజ్" అంటే సరిపోదు. మాంసం, చేప, రొయ్య, ఆయిస్టర్ సాస్, పంది కొవ్వు ఏవీ వద్దు అని చైనీస్‌లో ఫోన్లో రాసిపెట్టుకుని చూపించండి. దీనికన్నా నమ్మకమైన దారి బౌద్ధుల శాకాహార హోటళ్ళు. సంప్రదాయంగా చేసే చోట ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, మన ఇళ్ళలో పూజల రోజు పెద్దలు కూడా నిశ్చింతగా తినొచ్చు. లాంటౌ దీవిలో పెద్ద బుద్ధుడి విగ్రహం పక్కన పో లిన్ మఠంలో భోజనం పెడతారు. డైమండ్ హిల్‌లో నాన్ లియాన్ గార్డెన్ లోపల చి లిన్ అనే బౌద్ధ సన్యాసినుల మఠం వాళ్ళ హోటల్ ఉంది. రాత్రిపూట తీపి పులుసుల కొట్లు కూడా చాలావరకు మీవే. నల్ల నువ్వులది, ఎర్ర బీన్స్‌ది, మెత్తటి సోయా టోఫూ మీద పాకం పోసి ఇచ్చేది అడగండి.

హలాల్ చూసుకునేవాళ్ళకి వాన్ చాయ్‌లో ఇస్లామిక్ సెంటర్ క్యాంటీన్ ఉంది. మసీదు భవనంలోనే, హలాల్ డిమ్‌సమ్ దొరుకుతుంది. హైదరాబాద్ నుంచి వెళ్ళే కుటుంబాలకి ఈ ఒక్క అడ్రస్ చాలు. ఇక ఇడ్లీ, దోసె లేకపోతే గడవదు అనేవాళ్ళకి చిమ్ షా చుయ్‌లో దక్షిణాది హోటళ్ళున్నాయి. చుంగ్‌కింగ్ మాన్షన్స్ అనే పాత భవనంలో ఇండియన్, పాకిస్తానీ, నేపాలీ మెస్సులు ఉంటాయి, గేటు దగ్గరే చేయి పట్టుకుని లాగుతారు. కానీ మూడు రోజుల ట్రిప్‌లో మూడు పూటలూ అక్కడే తింటే టికెట్ డబ్బులు దండగ.

మిషెలిన్ స్టార్ల గురించి ఒక్క ముక్క. హోటళ్ళకి స్టార్లిచ్చే ఈ మిషెలిన్ గైడ్ హాంకాంగ్‌కి మొదటిసారి, 2009 ఎడిషన్‌గా, వచ్చినప్పుడు ఫోర్ సీజన్స్ హోటల్లోని లుంగ్ కింగ్ హీన్‌కి మూడు స్టార్లు ఇచ్చారు, చైనీస్ రెస్టారెంట్‌కి అలా రావడం అదే మొదలు. అక్కడ పనిచేసిన మాక్ క్వాయ్ పుయ్ 2009లో మాంగ్ కాక్ అనే పేటలో టిమ్ హో వాన్ అనే చిన్న డిమ్‌సమ్ కొట్టు పెడితే దానికీ స్టార్ వచ్చింది. ఇప్పుడది చాలా దేశాల్లో ఉన్న చైన్. స్టార్ల కోసం రెండు గంటలు నిలబడటం కన్నా, మీ హోటల్ గది కింద వీధిలో ముసలివాళ్ళతో నిండిన కొట్లోకి వెళ్ళమంటాను. ఖరీదైన చోటికి వెళ్ళాలనే ఉంటే మధ్యాహ్నం డిమ్‌సమ్‌కి వెళ్ళండి, రాత్రి భోజనం కన్నా బాగా తక్కువలో అయిపోతుంది.

సాయ్ కుంగ్ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో తొట్టెలో చేపని చూపించి వండించుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. బోర్డు మీద రేటు కిలోకి కాదు, క్యాటీకి. అంటే దాదాపు 600 గ్రాములు. తూకం వేయించి, మొత్తం ఎంతో, వండినందుకు ఎంతో ముందే రాయించుకోండి.

చివరగా బిల్లు. చిన్న కొట్లలో చీటీ బల్ల మీదే పెడతారు, దాన్ని తీసుకెళ్ళి కౌంటర్లో కట్టాలి. పెద్ద రెస్టారెంట్లలో పది శాతం సర్వీస్ ఛార్జ్ కలిపే వస్తుంది, విడిగా టిప్ అక్కర్లేదు. మెట్రోకి కొన్న ఆక్టోపస్ కార్డు చాలా కొట్లలో పనిచేస్తుంది, పాత కొట్లకి మాత్రం నోట్లు ఉంచుకోండి. టిష్యూ పేపర్ ప్యాకెట్ ఒకటి జేబులో పడేసుకోండి, చాలాచోట్ల ఇవ్వరు. హాంకాంగ్‌లో ఉండే మన తెలుగువాళ్ళు ఎవరైనా చూస్తుంటే, మీ వీధిలో మీరు రోజూ తినే కొట్టు పేరు, ఏ వేళకి వెళ్ళాలో రాయండి. వచ్చే వీడియోలో పడవెక్కి మకావు వెళ్దాం.