ఒకే లూప్ మీద డీసీ, డీసీసీ రైళ్లు: వైరింగ్ ఇలా చేయండి

[తెర మీద: ప్లైవుడ్ బల్ల మీద ఓవల్ లూప్. ఒక పాత డీసీ ఇంజన్, పక్కనే డీకోడర్ ఉన్న కొత్త ఇంజన్]

నమస్కారం అండీ. గుంతకల్లు నుంచి మాట్లాడుతున్నాను. అటక మీద పాత డీసీ (మామూలు డైరెక్ట్ కరెంటు) మోడల్ రైలు సెట్టు ఉంది, కొత్తగా డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) ఇంజన్ కొన్నారు. బల్ల ఒకటే, లూప్ ఒకటే. రెండూ దాని మీదే నడపొచ్చా? నిక్షేపంగా నడపొచ్చు. కాకపోతే రెండు సప్లైలు ఒక్క క్షణం కూడా పట్టాల మీద కలవకూడదు. ఈ వైరింగ్ అంతా అందుకే.

డీసీలో నాబ్ తిప్పితే పట్టాల మీద వోల్టేజీ సున్నా నుంచి సుమారు 12 దాకా పెరుగుతుంది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే రైలు వెనక్కి వెళ్తుంది. డీసీసీలో అలా కాదు. పట్టాల మీద ఎప్పుడూ నిండు వోల్టేజీ ఉంటుంది, హెచ్ఓ (1:87 స్కేలు) సైజుకు సుమారు 15. అది సెకనుకు వేల సార్లు దిశ మారుతూ, ఏ ఇంజన్ ఏం చేయాలో ఆ మార్పుల్లోనే చెబుతుంది. ఆ సంకేతాలు చదివే డీకోడర్ చిప్పు లేని పాత ఇంజన్‌ని దాని మీద పెడితే కదలకుండా నిలబడే జుయ్‌మంటుంది, మోటారు వేడెక్కుతుంది. కోర్‌లెస్ (ఇనుప కోర్ లేని) మోటారైతే చూస్తుండగానే కాలిపోవచ్చు.

[తెర మీద: లూప్ బొమ్మ. సగం ఎరుపు, సగం నీలం, దాని మీద పెద్ద ఇంటూ గుర్తు]

చాలామందికి మొదట వచ్చే ఆలోచన, సగం లూప్ డీసీకి, సగం డీసీసీకి ఇద్దామని. దయచేసి వద్దు. ఇంజన్ ఆ రెండు సగాల మధ్య గ్యాప్ దాటేటప్పుడు ముందు చక్రాలు ఒక సప్లై మీద, వెనక చక్రాలు ఇంకో సప్లై మీద ఉంటాయి. అంటే ఇంజనే రెండింటినీ కలిపేస్తుంది. డీసీ కంట్రోలరో, పట్టాలకు డీసీసీ కరెంటు ఇచ్చే బూస్టరో, రెండూనో పోతాయి. మన రైల్వే లోకో పైలట్లకు ఈ సంగతి బాగా తెలుసు. 25 వేల వోల్టుల లైన్లో వేర్వేరు ఫేజులు కలవకుండా మధ్యలో కరెంటు లేని న్యూట్రల్ సెక్షన్ పెడతారు. 500 మీటర్లు, 250 మీటర్ల ముందే బోర్డులుంటాయి. అక్కడ డీజే (ఇంజన్ మెయిన్ సర్క్యూట్ బ్రేకర్) ఓపెన్ చేసి దాటాకే మళ్లీ క్లోజ్ చేస్తారు. చిన్న బల్ల మీద అంత పొడవు సెక్షన్‌కు చోటు లేదు కాబట్టి లూప్ మొత్తాన్నీ ఒకేసారి మార్చేద్దాం.

[దగ్గరి షాట్: ఆరు పిన్నుల టాగుల్ స్విచ్ వెనక భాగం]

ఇదీ మనకు కావలసింది. డీపీడీటీ, అంటే రెండు వైర్లనూ ఒకేసారి ఇటో అటో మార్చే స్విచ్. అదీ సెంటర్ ఆఫ్, అంటే మధ్యలో పెడితే ఏదీ కలవనిది. కొనేటప్పుడు మధ్యలో ఆగుతుందో లేదో వేలితో నొక్కి చూడండి. మధ్య రెండు పిన్నులు పట్టాలకు. పై రెండు డీసీకి. కింది రెండు డీసీసీకి. రెండు వైర్లూ స్విచ్ గుండానే పోవాలి. పాత లేఅవుట్లలో ఒక పట్టాను కామన్‌గా వదిలేసేవారు, ఇక్కడ అది పనికిరాదు.

సోల్డర్ చేశాక సప్లై ఏదీ కలపకుండా, పట్టాల మీద ఇంజన్ లేకుండా, మల్టీమీటర్ కంటిన్యూటీలో పెట్టండి. ఒక ప్రోబ్ డీసీ పిన్ను మీద, ఇంకోటి డీసీసీ పిన్ను మీద. స్విచ్ మూడు చోట్లకూ తిప్పుతూ అన్ని జతలూ చూడండి. ఎక్కడా బీప్ రాకూడదు. వస్తే సోల్డర్ పక్క పిన్నుకు అంటుకుందన్నమాట.

ఇక ఫీడర్లు, అంటే పట్టాలకు కరెంటు అందించే వైర్లు. నాలుగడుగులు బై ఎనిమిదడుగుల బల్ల మీద లూప్ అయిదు మీటర్ల పైమాటే. బల్ల కింద 1.5 స్క్వేర్ ఎంఎం వైరు జత ఒకటి లాగండి. దాన్నుంచి ప్రతి పట్టా ముక్కకూ సన్న వైరు దించండి. పట్టా ముక్కల్ని కలిపే జాయినర్లను నమ్ముకోవద్దు, డీసీసీ సిగ్నల్‌కు వదులు జాయినరే పెద్ద శత్రువు. అలాగని జాయింట్లన్నీ సోల్డర్ చేసేయకండి. మన ఎండల సంగతి తెలుసుగా! మీటరు నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల తేడాకు మిల్లీమీటర్‌లో మూడోవంతు సాగుతుంది. అన్నీ బిగిస్తే మే నెలలో పట్టా వంకర పోతుంది.

[దగ్గరి షాట్: రెండు పట్టాల మీద అడ్డంగా రూపాయి బిళ్ల]

డీసీసీ ఆన్ చేసి, పట్టాల మీద రూపాయి బిళ్ల గట్టిగా అద్దండి. బూస్టర్ వెంటనే ట్రిప్ కావాలి. లూప్ చుట్టూ జరుపుతూ చూడండి. ఎక్కడ ట్రిప్ కాలేదో అక్కడ ఇంకో ఫీడర్ వేయాలి. ఈ పరీక్ష డీసీసీకే, పాత డీసీ కంట్రోలర్ మీద చేయకండి.

నడిపేటప్పుడు వరుస ఇది: నాబ్ సున్నా, స్విచ్ మధ్యకు, డీసీ ఇంజన్ పట్టాల మీంచి తీయడం, ఆ తర్వాతే డీసీసీ వైపు. మాటిమాటికీ తీయడం ఇబ్బందనుకుంటే పక్కకు చీలే ఒక సైడింగ్‌లో ఒక పట్టా కోసి, చిన్న ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టి, ఇంజన్‌ని అక్కడ ఆపుకోండి.

చివరగా డీకోడర్ సంగతి. సీవీ 29 అనే సెట్టింగులో అనలాగ్ మోడ్ (డీసీ మీద కూడా నడిచే వీలు) చాలావాటికి ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో ఉంటుంది, విలువ తరచుగా 6. అలా ఉంటే స్విచ్ డీసీ వైపు పడగానే కొత్త ఇంజన్ కూడా నాబ్‌తో పాటు పరుగు తీస్తుంది. వద్దనుకుంటే ఆ విలువలోంచి 4 తీసేయండి. తర్వాతెప్పుడైనా దాన్ని డీసీ మీద నడపాలనిపిస్తే అదే 4 మళ్లీ కలిపితే సరిపోతుంది.