గిటార్ వైరింగ్ మారుస్తున్నప్పుడు కాయిల్ స్ప్లిట్ కూడా పెట్టించుకోవాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాం. ఇటు ఇచ్ఛాపురం నుంచి అటు ఛత్రపురం దాకా ఆర్కెస్ట్రాల్లో వాయించే వారి గిటార్లను బాగుచేసే మాస్టారు ఈరోజు మనతో ఉన్నారు. మాస్టారూ, మా తమ్ముడి గిటార్‌లో వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచే, తగ్గించే తిప్పుడు మీట) తిప్పితే గరగరమంటోంది, సెలెక్టర్ స్విచ్ ఒకవైపు పలకడమే లేదు. ఎలాగూ లోపలి వైరింగంతా మారుస్తున్నాం కాబట్టి, పనిలో పనిగా కాయిల్ స్ప్లిట్ కూడా పెట్టించాలని వాడు పట్టుబడుతున్నాడు. పెట్టించవచ్చా?

మాస్టారు: పాట్లూ స్విచ్చులూ త్వరగా పాడవడం ఈ ఉప్పుగాలిలో మామూలేనమ్మా, వాటిని మార్చక తప్పదు. స్ప్లిట్ సంగతి వేరు. పికప్ అంటే తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే, అయస్కాంతం ఉన్న తీగచుట్ట. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ తీగల కదలికతో పాటు చుట్టుపక్కల కరెంటు వైర్ల అయస్కాంత క్షేత్రాన్ని కూడా పట్టుకుంటుంది, అదే గుయ్యిమనే హమ్. 1955లో గిబ్సన్ సంస్థలో సేత్ లవర్ రెండు కాయిల్స్‌ను పక్కపక్కన పెట్టి, ఒకదాని ధ్రువాన్నీ చుట్టు దిశనూ రెండోదానికి వ్యతిరేకంగా ఉంచడంతో, తీగల నాదం కలిసి పెరిగి హమ్ మాత్రం రద్దయింది. దాన్నే హంబకర్ అంటున్నాం. స్ప్లిట్ చేయడమంటే అందులో ఒక కాయిల్‌ను గ్రౌండ్‌కు కలిపి నోరు మూయించడం. తోడు పోతుంది కాబట్టి మన 50 హెర్ట్జ్ కరెంటు హమ్ కూడా తిరిగి వస్తుంది.

వ్యాఖ్యాత: అయినా స్ట్రాటోకాస్టర్ (సింగిల్ కాయిల్ పికప్‌లుండే ఫెండర్ గిటార్) ధ్వని వస్తుందనే కదా అందరూ పెట్టించుకుంటున్నారు?

మాస్టారు: పోలిక వస్తుంది గానీ అదే ధ్వని రాదు. పాతకాలపు హంబకర్‌లో ఒక్కో కాయిల్‌కు సుమారు 5000 చుట్లు ఉంటే, స్ట్రాట్ పికప్‌కు సుమారు 8000 ఉంటాయి. అయస్కాంతాల అమరిక కూడా వేరు. అందుకే తక్కువ చుట్ల హంబకర్‌ను చీలిస్తే శబ్దం పలచబడి, డ్రమ్స్ మొదలవగానే వినిపించకుండా పోతుంది. ఎక్కువ చుట్లున్న ఘాటైన పికప్ అయితే చీల్చినా కొంత ఒడ్డుపొడుగు మిగులుతుంది.

వ్యాఖ్యాత: మరి ముందే తెలుసుకునేదెలా?

మాస్టారు: ఈ ఒక్క పని అందరూ చేయాలని నా కోరిక. మీ పికప్ నుంచి వచ్చే కేబుల్‌లో గ్రౌండ్ వైరు కాక నాలుగు రంగుల వైర్లుంటే, వాటిలో రెండు ఒకదానికొకటి కలిసి, టేపు చుట్టి కనిపిస్తాయి. సీమోర్ డంకన్‌లో అవి ఎరుపు, తెలుపు. డిమార్జియోలో నలుపు, తెలుపు. రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మల్టీమీటర్‌తో సరిచూసుకోండి. వెనక మూత తీసి, ఆ టేపు విప్పి, క్రొకడైల్ క్లిప్పున్న వైరుతో ఆ అతుకును పాట్ వీపుకు, అంటే గ్రౌండ్‌కు, కలిపితే చాలు, స్ప్లిట్ తాత్కాలికంగా తయారైనట్టే. అలాగే ఆంప్లిఫయర్‌కు తగిలించి, ట్యూబులైటూ ఫ్యానూ వేసి, బ్యాండుతో వాయించేంత గట్టిగా వాయించి వినాలి. ఇంట్లో చిన్న శబ్దంలో ముద్దుగా అనిపించింది వేదిక మీద నిలవదు. పికప్‌కు రెండే తీగలుంటే మాత్రం దాన్నే విప్పి కాయిల్స్ అతుకును బయటికి తీయాలి. వెంట్రుక కన్నా సన్నని రాగితీగ తెగే ప్రమాదం ఉంది కాబట్టి, కేవలం స్ప్లిట్ కోసం అంత సాహసం నేను చేయనివ్వను.

వ్యాఖ్యాత: లోపల రాగి టేపు అంటిస్తే హమ్ పోతుందంటారు కదా?

మాస్టారు: రాగి టేపును గ్రౌండ్‌కు కలిపితే చిరచిరలాడే బజ్ తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే అయస్కాంత హమ్‌ను అది ఆపలేదు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో సీరియల్ లైట్లు, డిమ్మర్లు, జనరేటర్ అన్నీ చుట్టూ ఉండే వేదిక మీద, పాటల మధ్య నిశ్శబ్దంలో ఆ గుయ్యిమనే మోత ఎంత ఇబ్బంది పెడుతుందో వాయించేవారికి తెలుసు. అందుకే నేను ఎక్కువగా ప్యారలల్ వైరింగ్, అంటే రెండు కాయిల్స్‌ను ఒకదాని వెంట ఒకటి కాక పక్కపక్కగా కలపడం, సూచిస్తాను. రెండు కాయిల్సూ పనిచేస్తాయి కాబట్టి హమ్ రాదు. ధ్వని మాత్రం తేటపడి, కొంత తగ్గుతుంది. మల్టీమీటర్‌లో 8 కిలో ఓమ్‌ల నిరోధం చూపే పికప్ స్ప్లిట్‌లో 4, ప్యారలల్‌లో 2 చూపిస్తుంది. స్ప్లిట్‌కు వాడే పుష్‌పుల్ పాట్ (పైకి లాగితే స్విచ్‌గా పనిచేసే పాట్) దీనికీ సరిపోతుంది.

వ్యాఖ్యాత: వాడు స్ప్లిటే కావాలంటే?

మాస్టారు: అప్పుడు నెక్ (మెడ వైపు) పికప్‌లో ఒక ధ్రువపు కాయిల్‌ను, బ్రిడ్జ్ (తీగల అడుగు కొస వైపు) పికప్‌లో దానికి వ్యతిరేక ధ్రువపు కాయిల్‌ను మిగల్చండి, వాటి చుట్టు దిశలూ ఎదురెదురుగా ఉండాలి. సెలెక్టర్‌ను మధ్యలో పెట్టినప్పుడు ఆ రెండూ కలిసి హమ్‌ను చాలావరకు రద్దు చేస్తాయి, ఆ స్థానంలో వచ్చే తేట ధ్వని నిజంగా వాడుకోదగ్గది. పల్లవికి రిథమ్ వాయించేవారికి అది చాలు. బ్రిడ్జ్ పికప్‌ను ఒంటరిగా చీల్చి లీడ్ వాయిస్తే మాత్రం గీసుకుపోయినట్టుంటుంది.

వ్యాఖ్యాత: అయితే పుష్‌పుల్ పాట్లు కొనేయమంటారా?

మాస్టారు: ముందు గిటార్ లోపల పాట్లుండే గుంత లోతు కొలవండి. పుష్‌పుల్ పాట్ మామూలు పాట్ కన్నా చాలా పొడుగు, సన్నని బాడీలో మూత పట్టదు. లోతు చాలకపోతే చిన్న టాగిల్ స్విచ్ వేయాలి, దానికి చెక్కకు రంధ్రం పడుతుంది. అందుకే క్లిప్పు పెట్టి విన్న తర్వాతే డ్రిల్ చేతికి ఇవ్వండి.