నౌపడలో బండి మారడం

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, వెనక నిలబడిన కుర్రవాళ్లకు నమస్కారం.

మెట్రో రైలు గురించి మాట్లాడతానని ఒప్పుకున్న రోజు నుంచి ఈ ఊళ్లో కనిపించినవారల్లా నన్ను ఒకటే అడుగుతున్నారు: "ఏమండీ, మనకు మెట్రో ఎప్పుడు?" నిన్న బజారులో కూరలమ్మే ఆవిడ కూడా అడిగింది. మనకు రాదండీ. రావలసిన పనీ లేదు. ఈ ఊరిని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి దాటవచ్చు, ఎండగా ఉంటే ఆటో ఉంది. అయితే హైదరాబాదులోనో భువనేశ్వర్‌లోనో విశాఖలోనో బిడ్డలు లేని ఇల్లు ఈ సభలో ఎన్ని ఉన్నాయో చెప్పండి. మన ఊరికి రాకపోయినా మెట్రో మన ఇళ్లకు వచ్చేసింది.

ఆహ్వానపత్రంలో ‘నగర త్వరిత రవాణా వ్యవస్థ’ అని అచ్చు వేశారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో నిలబడి ఆ మాట పలకడానికి నాకు నోరు రాదు. నేను మెట్రో అనే అంటాను, స్టేషను అనే అంటాను. ఆయన ఉంటే ఆయనా అదే అనేవారు.

అసలు విషయం లండన్‌తోనో ఢిల్లీతోనో మొదలుపెట్టను. నౌపడతో మొదలుపెడతాను.

1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి మన ఊరికి చిన్న రైలు వచ్చింది. సుమారు 40 కిలోమీటర్ల దారి. మన రాజా గౌరచంద్ర గజపతి నారాయణ దేవ్ గారు దాదాపు 7 లక్షల రూపాయల సంస్థానం సొమ్ము పెట్టి వేయించారు. పట్టాల మధ్య ఎడం, అంటే గేజి, రెండున్నర అడుగులు. నౌపడలో దాన్ని కలిసే పెద్ద రైలు దారి ఐదున్నర అడుగులు. కనుక ఆ బండి ఈ పట్టాల మీదకు రాదు, ఈ బండి ఆ పట్టాల మీదకు పోదు. మనిషైతే దిగి, నడిచి, అవతలి బండి ఎక్కుతాడు. బియ్యం బస్తా నడవదు కదా! దించాలి, మోయాలి, మళ్లీ ఎక్కించాలి. నాకు పదేళ్లప్పుడు మా అమ్మ ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని నౌపడ ప్లాట్‌ఫారం మీద నడిచిన నడక ఇప్పటికీ గుర్తుంది. మద్రాసు దాకా వెళ్లిన ప్రయాణంలో నాకు మిగిలింది ఆ కాసేపే.

ఆ దారి మొదట్లో నష్టాల్లోనే నడిచింది. 1910 తర్వాత కొద్దికొద్దిగా లాభం కళ్లజూసింది. 1931 నాటికి గుణుపురం చేరి 90 కిలోమీటర్లయింది. 2004లో చిన్న బండి ఆగిపోయింది. 2011 కల్లా పెద్ద గేజి గుణుపురం దాకా వచ్చింది. ఇప్పుడు గుణుపురంలో ఎక్కినవారు ఎక్కడా మారకుండా విశాఖలో దిగుతున్నారు, పూరీలో దిగుతున్నారు. చిన్న బండి పోయిందని కంటతడి పెట్టేవారు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. వారిలో నేనూ ఒకణ్ని. కానీ ట్రంకు పెట్టె మోసిన మా అమ్మను అడిగితే మరోలా చెప్పేది.

నా ఉద్యోగమంతా సర్వే గొలుసులతోనూ పటాలతోనూ గడిచింది. ఏ ఊరి మెట్రో పటం చూసినా నా కన్ను ముందు వెతికేది దాని నౌపడలనే. బండి ఎక్కడ మారాలి? మారడానికి ఎన్ని మెట్లు? ఎంత నడక? ఎన్ని టిక్కెట్లు? బండి ఎంత వేగంగా పోతుంది, అద్దాలు ఎంత బాగున్నాయి అన్నవి తర్వాతి మాటలు.

లండన్‌లో భూమి కింద రైలు పుట్టిందే ఈ బాధలోంచి. పందొమ్మిదో శతాబ్దం మధ్యకు ఆ ఊరికి నలువైపుల నుంచీ రైళ్లు వచ్చాయి గాని నడిబొడ్డుకు రానివ్వలేదు. ఊరి అంచున దిగి గుర్రపు బండి ఎక్కాలి. ఆ బళ్లతో వీధులు కిటకిటలాడిపోయాయి. చార్లెస్ పియర్సన్ అనే న్యాయవాది ఏళ్ల తరబడి పట్టుబట్టి ఆ అంచు స్టేషన్లను నగరంతో కలిపే దారిని భూమి కింద వేయించాడు. పాపం, అది తెరుచుకునే ముందు సంవత్సరమే కన్నుమూశాడు. 1863 జనవరి 10న పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా సుమారు ఆరు కిలోమీటర్లు మొదలైంది. మొదటి రోజే దాదాపు 38 వేల మంది ఎక్కారు. సొరంగంలో బొగ్గు ఇంజను, ఆ పొగ ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి. ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. ఆ రోజుల్లో అక్కడా రెండు గేజిలు ఉండేవి. అందుకని ఆ సొరంగంలో రెండు రకాల బళ్లూ పోయేలా పక్కన మూడో పట్టా వేశారు. మన నౌపడలో ఎవరికీ రాని ఆలోచన! అవునులెండి, ఇక్కడ అంత డబ్బు ఎవరి దగ్గరుంది?

1890లో లండన్‌లోనే కరెంటు బండి లోతు సొరంగంలోకి దిగింది. పొగ బెడద తీరాక బుడాపెస్ట్, పారిస్, న్యూయార్క్ వరసగా అందుకున్నాయి. ఆ చరిత్ర చెప్పుకుంటూ పోతే తెల్లవారుతుంది. ఒక్క పటం గురించి మాత్రం చెప్పి వదిలేస్తాను. 1933లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ గీసిన లండన్ పటం అచ్చయింది. అందులో దూరాలు నిజం కావు, మలుపులు నిజం కావు. అన్నీ నిలువు గీతలు, అడ్డ గీతలు, ఏటవాలు గీతలు. సర్వేవాడిగా నేను తిట్టుకోవలసిన పటం అది. కానీ భూమి కింద పోయే మనిషికి పైన ఏ వీధి ఎటు తిరిగిందో ఎందుకు? ఎక్కడ మారాలో తెలిస్తే చాలు. ఈ రోజు లోకంలో చాలా మెట్రో పటాలు ఆ వరసలోనివే.

ఇక కలకత్తా. దీని దగ్గర కాస్త ఆగుతాను. మన దేశంలో మొదటిది అదే, నేర్చుకోవలసింది ఎక్కువ ఉన్నదీ అదే.

1971లో వేసిన ప్రణాళికలో ఐదు మార్గాలు ఉన్నాయి, మొత్తం 97.5 కిలోమీటర్లు. 1972 డిసెంబరు 29న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మొదటి బండి నడిచింది 1984 అక్టోబరు 24న. ఎంత దూరం? ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కిలోమీటర్లు, ఐదు స్టేషన్లు. పన్నెండేళ్ల పనికి అంత దూరం! అప్పటి పద్ధతి రోడ్డును తవ్వి, గోతిలో పెట్టెలా కాంక్రీటు కట్టి, పైన మట్టి కప్పి మళ్లీ రోడ్డు వేయడం. మెత్తటి బంకమట్టి నేల, తవ్వితే నీరు. రోడ్డు కింద మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, టెలిఫోను తీగలు. ఏది తవ్వినా ముందు దాన్ని పక్కకు జరపాలి. నడిబొడ్డు వీధులు ఏళ్ల తరబడి గోతులుగా పడి ఉన్నాయి. దమ్‌దమ్ నుంచి టాలీగంజ్ దాకా మొదటి మార్గం, పదహారు కిలోమీటర్ల చిల్లర, పూర్తయ్యేసరికి 1995 వచ్చింది.

ఆ మార్గం బాగా నడిచింది, జనం ఎక్కారు, శుభ్రంగా ఉంచుకున్నారు. కలకత్తా వారు దాన్ని చూసి గర్వపడ్డారు, పడవలసిందే. కానీ రెండో మార్గం మొదలైంది 2020 ఫిబ్రవరిలో. అంటే ముప్పై అయిదేళ్ల పైన ఆ ఊళ్లో ఉన్నది ఒక్క గీత. గీత పక్కన ఉన్నవాడికే అది మెట్రో. మనవాళ్లు హౌరాలో దిగేవారు. హౌరా ఆ గీత మీద లేదు. శియాల్దా కూడా లేదు. హౌరాలో దిగి శియాల్దాలో బండి ఎక్కాలంటే వంతెన దాటి, బస్సులోనో టాక్సీలోనో బజారు రద్దీలో పడాలి. దేశంలోని అతి పెద్ద స్టేషన్లలో రెండు ఒకే ఊళ్లో, మధ్యలో రైలు లేదు.

దాన్ని కలపడానికి హుగ్లీ నది కింద సొరంగం తవ్వారు. నది కింద భాగం సుమారు 520 మీటర్లు, బండి ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. చెప్పడానికి ముప్పావు నిమిషం! 2019 ఆగస్టు 31న బౌబజార్ దగ్గర సొరంగం తవ్వే యంత్రం భూగర్భజలం పొరను తాకితే నీరు ఎగదన్ని పై ఇళ్లు బీటలువారాయి, కొన్ని కూలాయి. ఏళ్లు గడిచాయి. 2024 మార్చిలో హౌరా మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా తెరిచారు. 2025 ఆగస్టు 22న ఎస్ప్లనేడ్, శియాల్దాల మధ్య మిగిలిన ముక్క కలిసింది. ఇప్పుడు హౌరా నుంచి శియాల్దాకు పదకొండు పన్నెండు నిమిషాలు. కొలతకు ఎస్ప్లనేడ్–శియాల్దా ముక్క రెండున్నర కిలోమీటర్లే. నా లెక్కలో మాత్రం అది ముందున్న చాలా కిలోమీటర్ల కంటే బరువైనది.

ఢిల్లీ కథ వేరు. 1995లో కేంద్రం, ఢిల్లీ ప్రభుత్వం చెరి సగం పెట్టి ఒక సంస్థను స్థాపించాయి. కొంకణ్ రైలు కట్టిన శ్రీధరన్ గారిని దాని మీద కూర్చోబెట్టారు. 2002 డిసెంబరు 24న షాహ్‌దరా నుంచి తీస్ హజారీ దాకా ఎనిమిది కిలోమీటర్ల చిల్లర తెరిస్తే సరదాకు ఎక్కేవారే పోటెత్తారు. దయచేసి ఇప్పుడే రాకండి, మెల్లగా రండి అని సంస్థ పత్రికల్లో ప్రకటన వేసుకోవలసి వచ్చింది. పని ఆపకుండా, అదే సంస్థ, అదే మనుషులు ఒక దశ తర్వాత ఒక దశ కట్టుకుంటూ పోయారు. కలకత్తాకు దక్కనిది అదే. పని ఆగితే నేర్చిన చేతులు చెదిరిపోతాయి, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

అక్కడా గేజి తగాదా వచ్చింది. లోకంలో ఎక్కువ చోట్ల వాడే నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల మామూలు గేజి కావాలని శ్రీధరన్ అన్నారు. మన రైళ్ల ఐదున్నర అడుగులే ఉండాలని రైల్వే శాఖ అంది. రైల్వే మాట నెగ్గింది. అందుకే మొదటి మార్గాలు పెద్ద గేజి, తర్వాతివి చాలావరకు మామూలు గేజి. ఒకే గేజి ఉన్నంత మాత్రాన రైల్వే బళ్లు మెట్రో పట్టాల మీద నడిచాయా అంటే, లేదు. బండి మారలేకపోయినా మనిషి మారగలిగాడు గనుక ఢిల్లీ నెట్టుకొచ్చింది. రెండు మార్గాలు కలిసే రాజీవ్ చౌక్‌లో సాయంత్రం ఆరింటికి నిలబడితే నా మాట అర్థమవుతుంది. కశ్మీరీ గేటులో మూడు మార్గాలు కలుస్తాయి.

హైదరాబాదు మీకు తెలిసిన ఊరు. 2017 నవంబరులో నాగోలు–మియాపూర్ మధ్య 30 కిలోమీటర్లు ఒకేసారి తెరిచారు. 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాలు, 69 కిలోమీటర్లు. ఆ పటంలో ఒక సొగసు ఉంది, గమనించారా? ఎరుపు, నీలం అమీర్‌పేటలో కలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో. నీలం, ఆకుపచ్చ పరేడ్ గ్రౌండ్ దగ్గర. ఏ రెండు తీసుకున్నా ఎక్కడో ఒకచోట కలుస్తున్నాయి. కనుక ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కు పోవాలన్నా ఒక్కసారి మారితే సరి. ఆకుపచ్చ మార్గం మాత్రం మొదట అనుకున్నట్టు ఫలక్‌నుమా దాకా పోలేదు, పాతబస్తీ గుమ్మం ముందే ఆగింది. పలాసలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లే మనకు ఇది కాస్త వింతగానే ఉంటుంది.

ఆ మెట్రో డబ్బు కథా వినదగినదే. 2008లో మొదటి టెండరు గెలిచిన మేటాస్ సంస్థ ప్రభుత్వం దగ్గర పైసా తీసుకోనని, పైగా తానే ప్రభుత్వానికి 30 వేల కోట్లకు పైగా ఇస్తానని అంది. టిక్కెట్లతో అంత డబ్బు రాదని చిన్న పిల్లవాడు కూడా చెప్పగలడు. స్టేషన్ల దగ్గర ఇచ్చే భూమి మీదే కన్ను అని శ్రీధరన్ అప్పుడే హెచ్చరించారు. 2009లో మేటాస్ వారి కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడి ఆ ఒప్పందం రద్దయింది. తర్వాత ఎల్ అండ్ టీ 1,458 కోట్ల ప్రభుత్వ సాయం అడిగి పని తీసుకుంది. నష్టాలు దానికీ తప్పలేదు. మెట్రో టిక్కెట్టు డబ్బుతో మెట్రో కట్టిన ఖర్చు తిరిగి రావడం చాలా అరుదు. అందుకే 2017 మెట్రో విధానంలో కేంద్రం టిక్కెట్టు లాభాన్ని కాక, ప్రజలకు మిగిలే సమయం, ఇంధనం కలిపి సమాజానికి కనీసం 14 శాతం ప్రతిఫలం రావాలని పెట్టింది.

లెక్క కావాలంటే ఒకటి చెబుతాను. ఆరు పెట్టెల బండిలో కిక్కిరిస్తే సుమారు 1,800 మంది పడతారు. మూడు నిమిషాలకొకటి నడిపితే గంటకు ఇరవై బళ్లు, 36 వేల మంది, ఒక్క దిక్కుకే. ఇంత జనం లేని దారిలో మెట్రో కట్టడం గంగాళంలో గ్లాసుడు పాలు కాచడమే.

మా అమ్మాయి హైదరాబాదులో స్టేషనుకు కిలోమీటరున్నర దూరంలో ఉంటుంది. మెట్రోలో ఇరవై నిమిషాల ప్రయాణం. ఆ కిలోమీటరున్నరకు మాత్రం ఆటో బేరం, కాలిబాట లేని రోడ్డు, వర్షం వస్తే మోకాలి లోతు నీరు. "నాన్నా, నా ప్రయాణంలో కష్టమైనది రైలు బయటే ఉంది" అంది. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా లెక్క వేయకుండా స్టేషన్ నుంచి స్టేషన్ దాకానే లెక్క వేస్తే ఇలాగే ఉంటుంది.

మన రాజధాని సంగతి. భువనేశ్వర్ విమానాశ్రయం నుంచి కటక్ అంచున త్రిశూలియా దాకా 26 కిలోమీటర్ల మెట్రోకు 2024 జనవరి 1న శంకుస్థాపన జరిగింది. ఆ ఏడే ప్రభుత్వం మారింది, పథకం పునరాలోచనలో పడింది. ఆ దారి రైల్వే స్టేషనును తాకడం నాకు నచ్చింది. ఒక్క గీతే కావడం నచ్చలేదు. ఆ ఊళ్లో 2018 నుంచి నడుస్తున్న కొత్త సిటీ బస్సులను చూశాను, వేళకు వస్తున్నాయి, జనం ఎక్కుతున్నారు. వాటిని ఇంకా పెంచి, ఏ దారిలో బస్సులు పొంగిపొర్లుతున్నాయో చూసి, అక్కడ పట్టాలు వేయమంటాను. ఈ మాటకు సభలో అందరూ ఒప్పుకోరని తెలుసు. ముందు వరసలో ఒకరిద్దరు అప్పుడే తల అడ్డంగా ఊపుతున్నారు.

విశాఖకు కూడా 46 కిలోమీటర్ల పథకం ఒకటి చాలా కాలంగా కాగితం మీద ఉంది. అది కడితే ఎవరైనా ఆ పటం నాకు తెచ్చి చూపించండి. రైల్వే స్టేషను ఎక్కడుందో ముందు వెతుకుతాను. గుణుపురం బండి దిగిన పెద్దావిడ ఎన్ని మెట్లు ఎక్కాలి, ఎన్ని దిగాలి, లిఫ్టు ఏ వైపు ఉంది? చేతిలో ట్రంకు పెట్టె ఉంటే?

చీటీల మీద రాసిన ప్రశ్నలు నాకు అందాయి. మొదటిది చదువుతాను.